సెంటెన్స్ కరెక్షన్: అడ్మిషన్ పరీక్షల్లో ఇంగ్లిష్ వాక్యాన్ని సరిదిద్దే పద్ధతి

చదవగానే "ఇది బాగానే ఉంది కదా" అనిపించిన ఆప్షన్ చాలాసార్లు తప్పు అవుతుంది. ఈ ప్రశ్నలు తయారుచేసేవాళ్ల పనే అది. తప్పుని చెవికి ఇంపుగా రాస్తారు, ఒప్పుని కాస్త మోటుగా వినిపించేలా వదిలేస్తారు. తెలుగు మాతృభాష అయినవాళ్లకి ఇంకో చిక్కు కూడా ఉంది. మన చెవి తెలుగు వాక్యం నడకకి అలవాటు పడిపోయింది. తెలుగులో ఏ వంకా పెట్టలేని కొన్ని వాక్య నిర్మాణాలు ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి తప్పు అవుతాయి. మార్కులు జారిపోయేది ఎక్కువగా అక్కడే. కాబట్టి ఈ మార్గదర్శిలో రూల్స్ అన్నిటినీ ఏకరువు పెట్టను. వాక్యాన్ని ఏ వరుసలో విప్పి చూడాలో చెప్తాను. మన అలవాటు ఎక్కడ మోసం చేస్తుందో అక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

ముందుగా మీ పరీక్ష ఏం అడుగుతుందో తెలుసుకోండి

పేరు ఒకటే అయినా ప్రశ్న ఒకేలా ఉండదు. ఎంబీఏ లాంటి కోర్సుల అడ్మిషన్ల కోసం రాసే జీమ్యాట్ పాత రూపంలో, వాక్యంలో కొంత భాగానికి గీత గీసి ఐదు ఆప్షన్లు ఇచ్చేవాళ్లు. మొదటి ఆప్షన్ ఎప్పుడూ ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచేది. 2023 నవంబర్‌లో మొదలైన జీమ్యాట్ ఫోకస్ ఎడిషన్‌లో ఈ ప్రశ్నలే తీసేశారు. ఇప్పుడు జీమ్యాట్ రాస్తున్నవాళ్లు ఎవరైనా సెంటెన్స్ కరెక్షన్ కోచింగ్‌కి డబ్బు కడుతుంటే ఒక్కసారి ఆగి ఆలోచించాలి.

అమెరికా కాలేజీల్లో డిగ్రీలో చేరడానికి రాసే శాట్ సంగతి వేరు. డిజిటల్ శాట్ రీడింగ్ అండ్ రైటింగ్ విభాగంలో 64 నిమిషాలకి 54 ప్రశ్నలు ఉంటాయి. వాటిలో సుమారు పావు వంతు, అంటే 11 నుంచి 15 వరకు, స్టాండర్డ్ ఇంగ్లిష్ కన్వెన్షన్స్, అంటే వ్యాకరణం, విరామ చిహ్నాల ప్రశ్నలు. చిన్న పేరాలో ఖాళీ ఇచ్చి నాలుగు ఆప్షన్లు పెడతారు. శాట్ లాంటిదే ఇంకో పరీక్ష ఏసీటీ. అందులో ఇంగ్లిష్ ఒక విడి విభాగం. 2025లో వచ్చిన కొత్త రూపంలో 35 నిమిషాలకి 50 ప్రశ్నలు. అక్కడ గీత గీసిన భాగానికి "నో చేంజ్" అనేది కూడా ఒక ఆప్షనే. భయంతో దాన్ని వదిలేసేవాళ్లు చాలామంది. మార్పు అక్కర్లేని వాక్యాలు నిజంగానే వస్తాయి.

ఈ రెండు పరీక్షల్లోనూ తప్పు జవాబుకి మార్కులు కోయరు. దేన్నీ ఖాళీగా వదలకండి.

మొదటి మెట్టు: కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ

ఆప్షన్ల వైపు చూడకముందే వాక్యంలో అసలు కర్తనీ, అసలు క్రియనీ పట్టుకోండి. మధ్యలో ఉన్న సరంజామా అంతా వేలితో మూసేయండి.

"ద లిస్ట్ ఆఫ్ బుక్స్ ఆర్ ఆన్ ద టేబుల్" అన్న వాక్యం ఎంతమందికి తప్పుగా వినిపిస్తుంది? తెలుగులో "పుస్తకాల జాబితా బల్ల మీద ఉంది" అంటాం. మన భాషలో ముఖ్యమైన మాట, అంటే జాబితా, చివరికి వస్తుంది. పుస్తకాలు దాని ముందే ఒదిగి ఉంటాయి, అందుకే పొరపాటు పడే వీలే లేదు. ఇంగ్లిష్‌లో ఇది తలకిందులవుతుంది. "లిస్ట్" ముందు వచ్చేస్తుంది, "బుక్స్" వచ్చి క్రియ పక్కన కూర్చుంటుంది. చెవి పక్కనున్న బహువచనాన్ని పట్టుకుని "ఆర్" అనేస్తుంది. "ఆఫ్ బుక్స్" మూసేసి చదివితే "ద లిస్ట్ ఈజ్" అని దానంతటదే వస్తుంది.

పరీక్షలో ఈ దూరాన్ని ఇంకా పెంచుతారు. కర్తకీ క్రియకీ మధ్య రెండు కామాలు, ఒక "విచ్", మూడు "ఆఫ్"లు దూరుస్తారు. "ఆఫ్, ఇన్, ఫర్, విత్" లాంటి మాటలతో మొదలయ్యే ముక్క లోపలి నామవాచకం కర్త కాలేదని గుర్తుంటే సగం ప్రశ్నలు తేలిపోతాయి. "ఎలాంగ్ విత్", "యాజ్ వెల్ యాజ్", "టుగెదర్ విత్" కూడా అంతే. "ద కెప్టెన్, ఎలాంగ్ విత్ హర్ ప్లేయర్స్, ఈజ్ వెయిటింగ్" అనే రాయాలి. "అండ్" మాత్రమే ఇద్దర్ని కలిపి బహువచనం చేస్తుంది.

మిగతావి త్వరగా చూద్దాం. "ఈచ్", "ఎవ్రీ", "ఎవ్రీవన్" ఏకవచనాలు. "ఈచ్ ఆఫ్ ద స్టూడెంట్స్ హ్యాజ్" అనాలి. "వన్ ఆఫ్ ద" తర్వాత వచ్చే నామవాచకం బహువచనం, ఆ తర్వాతి క్రియ ఏకవచనం: "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్". "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అనడం మనవాళ్ల నోట పాతుకుపోయిన తప్పు. "ద నంబర్ ఆఫ్" ఏకవచనం, "ఎ నంబర్ ఆఫ్" బహువచనం. "ఐదర్-ఆర్", "నైదర్-నార్" వచ్చినప్పుడు క్రియకి దగ్గరగా ఉన్న కర్తని బట్టి వెళ్లాలి.

కర్త క్రియ తర్వాత వచ్చే వాక్యాలు కూడా ఉంటాయి. "బినీత్ ద ఓల్డ్ బ్రిడ్జ్ లై ద రిమెయిన్స్ ఆఫ్ ఎ బోట్". ఇక్కడ ఉన్నవి "రిమెయిన్స్" కాబట్టి "లై" సరైనది. "బ్రిడ్జ్" చూసి "లైస్" పెట్టామా, పోయింది.

రెండో మెట్టు: వాక్యం ఎక్కడ ముగిసింది

శాట్‌లో పడే కన్వెన్షన్స్ ప్రశ్నల్లో పెద్ద భాగం ఇదే. వ్యాకరణం గట్టిగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. కారణం సులభం. తెలుగు రాసేటప్పుడు రెండు పూర్తి వాక్యాల మధ్య కామా పెట్టి ముందుకు సాగిపోయినా ఎవరూ ఏమీ అనరు. ఇంగ్లిష్‌లో రెండు పూర్తి వాక్యాలని ఉత్త కామా కలపలేదు.

"ద ఇంజిన్ ఫెయిల్డ్, ద టీమ్ రీబిల్ట్ ఇట్" తప్పు. దీన్ని ఫుల్‌స్టాప్‌తోనో, సెమికోలన్‌తోనో, కామా పెట్టి "అండ్" లేదా "సో" లాంటి మాటతోనో సరిచేయొచ్చు. ఒక ముక్కకి ముందు "బికాజ్" లేదా "ఆఫ్టర్" తగిలించి అది సొంతంగా నిలబడకుండా చేసినా సరిపోతుంది.

ఇక్కడ ఒక మంచి కిటుకు ఉంది. సెమికోలన్, ఫుల్‌స్టాప్ ఒకే పని చేస్తాయి. ఒకే చోట ఒక ఆప్షన్‌లో ఫుల్‌స్టాప్, ఇంకోదాంట్లో సెమికోలన్ ఉండి మిగతాదంతా ఒకటే అయితే, రెండూ ఒప్పు కాలేవు కాబట్టి రెండూ తప్పే. చదవకుండానే నాలుగు ఆప్షన్లు రెండయ్యాయి.

కోలన్‌కి ఒక్కటే షరతు. దాని ఎడమ పక్క పూర్తి వాక్యం ఉండాలి, కుడి పక్క ఏదైనా ఉండొచ్చు. "ద టూల్స్ ఆర్: ఎ హ్యామర్ అండ్ ఎ సా" అన్నది అందుకే చెల్లదు. కోలన్ దగ్గర ఆగితే "ద టూల్స్ ఆర్" అనే తెగిపోయిన ముక్క మిగులుతుంది.

"హవెవర్" గురించి కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి. అర్థంలో అది "బట్" లాంటిదే కానీ వాక్యాలని కలిపే బలం దానికి లేదు. అందుకే దానికి ఒక పక్క సెమికోలన్ కావాలి. ఏ పక్క అన్నదే ప్రశ్న. ఈ మూడు ముక్కలు చూడండి: "ద ఫస్ట్ టెస్ట్ ఫెయిల్డ్. ద టీమ్ డిడ్ నాట్ గివ్ అప్, హవెవర్. ఇట్ రీబిల్ట్ ద ఇంజిన్." టెస్ట్ పోయింది, అయినా వాళ్లు వదల్లేదు. విరోధం మొదటి రెండిటి మధ్య ఉంది. ఇంజిన్ మళ్లీ కట్టడం వదలకపోవడానికి కొనసాగింపే తప్ప విరోధం కాదు. కాబట్టి "హవెవర్" రెండో వాక్యానికి చెందింది, సెమికోలన్ దాని తర్వాత వస్తుంది. సెమికోలన్‌ని ముందు పెట్టిన ఆప్షన్ వ్యాకరణంలో దాటిపోతుంది కానీ అర్థంలో దొరికిపోతుంది. చాలామంది అలవాటు కొద్దీ దాన్నే ఎంచుకుంటారు.

పేర్ల పక్కన కామాల సంగతి కూడా ఇక్కడే. "ద ఫిజిసిస్ట్ మేరీ క్యూరీ వన్ టూ నోబెల్ ప్రైజెస్" అన్నప్పుడు కామాలు వద్దు, పేరు తీసేస్తే ఏ ఫిజిసిస్టో తెలియదు. "మేరీ క్యూరీ, ఎ ఫిజిసిస్ట్, వన్ టూ నోబెల్ ప్రైజెస్" అన్నప్పుడు రెండు కామాలూ కావాలి, మధ్య ముక్క తీసేసినా వాక్యం నిలబడుతుంది. కామాతో తెరిచినదాన్ని కామాతోనే మూయాలి, డ్యాష్‌తో తెరిస్తే డ్యాష్‌తోనే. ఒకటి ఇదీ ఒకటి అదీ కలిపిన ఆప్షన్‌ని వెంటనే కొట్టేయండి.

మూడో మెట్టు: కామాకి ముందున్న ముక్క ఎవరిది

ఈ మెట్టు దగ్గరే తెలుగు అలవాటు మనల్ని అన్నిటికంటే ఎక్కువ మోసం చేస్తుంది.

"తలుపు తీయగానే పిల్లి బయటికి పారిపోయింది." తెలుగులో ఇందులో ఏ లోపమూ లేదు. తలుపు తీసింది మనిషి, పారిపోయింది పిల్లి. తీసిందెవరో చెప్పకపోయినా వినేవాడు అర్థం చేసుకుంటాడు. ఇదే ఆలోచనతో ఇంగ్లిష్‌లో "ఓపెనింగ్ ద డోర్, ద క్యాట్ ర్యాన్ అవుట్" అని రాస్తే తలుపు తీసింది పిల్లే అవుతుంది. వాక్యం మొదట్లో కర్త లేకుండా వచ్చి కామాతో ఆగే ముక్క, కామా దాటగానే వచ్చే కర్తకి అతుక్కుంటుంది. ఇంగ్లిష్ ఇక్కడ ఊహకి చోటివ్వదు.

తనిఖీ చాలా తేలిక. కామా దగ్గర ఆగి "ఎవరు?" అని అడగండి. జవాబు కామా తర్వాత వెంటనే ఉండాలి.

"బార్న్ ఇన్ 1867, మేరీ క్యూరీస్ డిస్కవరీస్ చేంజ్డ్ ఫిజిక్స్." ఎవరు పుట్టారు? మేరీ క్యూరీ. కామా తర్వాత ఉన్నదెవరు? ఆమె పేరు కనిపిస్తోంది కాబట్టి సరేననిపిస్తుంది. కానీ కర్త ఆమె కాదు, ఆమె "డిస్కవరీస్". 1867లో పుట్టినవి ఆవిష్కరణలు కావు. "బార్న్ ఇన్ 1867, మేరీ క్యూరీ మేడ్ డిస్కవరీస్ దట్ చేంజ్డ్ ఫిజిక్స్" అంటే కుదురుతుంది. పేరు చివర అపాస్ట్రఫీ, ఎస్ తగిలించి దాచడం ఈ ప్రశ్నల్లో పాత ఎత్తు. ఇంకా వస్తూనే ఉంటుంది.

శాట్‌లో ఇలాంటి ప్రశ్న వస్తే ఆప్షన్లలో నాలుగు వేర్వేరు కర్తలు కనిపిస్తాయి. మొదటి రెండు మూడు మాటలు చదివితే చాలు, మిగతా ఆప్షన్ చదివే పనే లేదు.

నాలుగో మెట్టు: సర్వనామాలు

"ఇట్", "దే", "దిస్" కనిపించినప్పుడల్లా వేలు పెట్టి చూపించండి, ఏ నామవాచకానికి బదులుగా వచ్చిందో. రెండు నామవాచకాల వైపు వేలు వెళ్తే అనుమానించండి, ఒక్కటీ దొరక్కపోతే కొట్టేయండి. వచనం కూడా కలవాలి. "ద కంపెనీ" అని మొదలుపెట్టి "దే" అనడం మాట్లాడేటప్పుడు నడుస్తుంది, పరీక్షలో "ఇట్" కావాలి.

అపాస్ట్రఫీ ఉన్న "ఇట్స్"ని "ఇట్ ఈజ్" అని విడదీసి చదవండి. అర్థం పొసగకపోతే అపాస్ట్రఫీ లేనిదే సరైనది. "దేర్" మూడు రకాల స్పెల్లింగ్‌లలో అపాస్ట్రఫీ ఉన్నదాన్ని కూడా "దే ఆర్" అని ఇలాగే విడదీసి చూడొచ్చు.

ఐదో మెట్టు: జతలు, పోలికలు

"అండ్", "ఆర్", "దాన్", "నాట్ ఓన్లీ-బట్ ఆల్సో", "బోత్-అండ్" ఇవి త్రాసు లాంటివి. రెండు పళ్లాల్లోనూ ఒకే రకం సరుకు ఉండాలి. "షీ నాట్ ఓన్లీ రోట్ నావెల్స్ బట్ ఆల్సో ప్లేస్" అన్నప్పుడు "నాట్ ఓన్లీ" తర్వాత క్రియ ఉంది, "బట్ ఆల్సో" తర్వాత నామవాచకం ఉంది. "షీ రోట్ నాట్ ఓన్లీ నావెల్స్ బట్ ఆల్సో ప్లేస్" అంటే రెండు పక్కలా నామవాచకాలు వచ్చాయి. ఒక్క మాట చోటు మారిందంతే.

పోలికల్లో మళ్లీ తెలుగు అడ్డొస్తుంది. "చంద్రుడి గురుత్వాకర్షణ భూమి కంటే తక్కువ" అంటే మనకి చక్కగా అర్థమవుతుంది. "ద గ్రావిటీ ఆఫ్ ద మూన్ ఈజ్ వీకర్ దాన్ ఎర్త్" అంటే ఇంగ్లిష్ పరీక్షకుడు ఒప్పుకోడు. గురుత్వాకర్షణని గ్రహంతో పోల్చారంటాడు. "దాన్ దట్ ఆఫ్ ఎర్త్" అనాలి. పోల్చేది బహువచనమైతే "దోజ్ ఆఫ్".

"జూపిటర్ ఈజ్ లార్జర్ దాన్ ఎనీ ప్లానెట్ ఇన్ ద సోలార్ సిస్టమ్" కూడా తప్పే. జూపిటర్ కూడా ఆ గ్రహాల్లో ఒకటి కాబట్టి తనకంటే తానే పెద్దదైపోయింది. "ఎనీ అదర్ ప్లానెట్" అనాలి. లెక్కపెట్టగలిగేవాటికి "ఫ్యూయర్", "నంబర్". లెక్కపెట్టలేనివాటికి "లెస్", "అమౌంట్". "లైక్" పక్కన నామవాచకం, "యాజ్" పక్కన క్రియతో కూడిన ముక్క.

ఆరో మెట్టు: కాలాలు

నియమాలు చాలా ఉన్నాయి కానీ పరీక్షకి పనికొచ్చేవి కొన్నే. "2015 నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అన్నదాన్ని "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2015" చేస్తాం. "సిన్స్" ఉండి పని ఇప్పటికీ సాగుతుంటే "హ్యావ్ బీన్ వర్కింగ్" కావాలి. "హ్యాడ్" వాడాలంటే గతంలో రెండు సంఘటనలు ఉండి, ఒకటి రెండోదానికంటే ముందు జరిగి ఉండాలి. ఒక్క సంఘటనే ఉంటే "హ్యాడ్" దండగ. "ఇఫ్" ముక్కలో "వుడ్" రాదు: "ఇఫ్ షీ హ్యాడ్ నోన్, షీ వుడ్ హ్యావ్ కమ్". "డిమాండ్ దట్", "సజెస్ట్ దట్" లాంటివాటి తర్వాత క్రియ మూలరూపంలో ఉంటుంది: "ద జడ్జ్ డిమాండెడ్ దట్ హీ సబ్మిట్ ద లెటర్". ఇక్కడ "సబ్మిట్స్" అనాలని నాలుక లాగుతుంది, లొంగకండి.

ఇడియమ్స్‌కి అడ్డదారి లేదు. "రిగార్డ్" తర్వాత "యాజ్" వస్తుంది, "కన్సిడర్" తర్వాత రాదు. "ప్రొహిబిట్" పక్కన "ఫ్రమ్", "ఫర్బిడ్" పక్కన "టు". ఎదురైనవి రాసుకుంటూ పోవాలి. శాట్ కోసమైతే వీటి మీద ఎక్కువ సమయం పెట్టడం నా దృష్టిలో దండగ. ఆ గంటలు రెండో మెట్టుకి ఇవ్వండి.

ఒక ప్రశ్న, ఐదు ఆప్షన్లు

ఇప్పుడు అన్నీ కలిపి ఒకటి విప్పి చూద్దాం. జీమ్యాట్ ధోరణిలో నేను తయారుచేసిన వాక్యం ఇది:

"ద కలెక్షన్ ఆఫ్ లెటర్స్, రిటెన్ బై సెయిలర్స్ అండ్ స్టోర్డ్ ఇన్ వుడెన్ బాక్సెస్, వర్ డ్యామేజ్డ్ బై ఇన్సెక్ట్స్, విచ్ మేడ్ ఇట్ డిఫికల్ట్ టు రీడ్."

"వర్" నుంచి చివరి దాకా గీత ఉందనుకోండి. ఆప్షన్లు:

ఎ. వర్ డ్యామేజ్డ్ బై ఇన్సెక్ట్స్, విచ్ మేడ్ ఇట్ డిఫికల్ట్ టు రీడ్
బి. వర్ డ్యామేజ్డ్ బై ఇన్సెక్ట్స్, మేకింగ్ దెమ్ డిఫికల్ట్ టు రీడ్
సి. వాజ్ డ్యామేజ్డ్ బై ఇన్సెక్ట్స్, విచ్ మేడ్ ఇట్ డిఫికల్ట్ టు రీడ్
డి. వాజ్ డ్యామేజ్డ్ బై ఇన్సెక్ట్స్, మేకింగ్ మెనీ ఆఫ్ ద పేజెస్ డిఫికల్ట్ టు రీడ్
ఇ. హ్యావింగ్ బీన్ డ్యామేజ్డ్ బై ఇన్సెక్ట్స్, దిస్ మేడ్ మెనీ ఆఫ్ ద పేజెస్ డిఫికల్ట్ టు రీడ్

ఒక్కో ఆప్షన్‌ని మొదటి నుంచి చివరి దాకా చదవకండి. నిలువుగా చూడండి, ఎక్కడెక్కడ విడిపోతున్నాయో. మొదటి మాటే మూడు రకాలుగా ఉంది: "వర్", "వాజ్", "హ్యావింగ్". కర్త ఎవరు? రెండు కామాల మధ్యదీ, "ఆఫ్ లెటర్స్" కూడా మూసేస్తే "ద కలెక్షన్" మిగిలింది. ఏకవచనం. ఎ, బి పోయాయి. ఇ చూస్తే "కలెక్షన్"కి క్రియే లేదు. "హ్యావింగ్ బీన్" ఒంటరిగా క్రియ కాదు, దాని తర్వాత "దిస్" అనే కొత్త కర్త దిగిపోయింది. అదీ పోయింది.

సి, డి మిగిలాయి. కామా తర్వాతి "విచ్" తన ముందున్న నామవాచకాన్ని పట్టుకుంటుంది. ఇక్కడ ముందున్నది "ఇన్సెక్ట్స్". చదవడం కష్టం చేసింది పురుగులు కాదు, అవి చేసిన నష్టం. ముందున్న మొత్తం సంఘటన ఫలితం చెప్పాలంటే "మేకింగ్" లాంటి రూపం కావాలి. అదీ కాక సిలో "ఇట్" కలెక్షనా, ఇంకేమైనానా తేలదు. డి సరైనది. నాలుగు ఆప్షన్లని కొట్టేయడానికి మనకి చెవితో పనే పడలేదని గమనించండి.

నమ్మకూడని మాటలు

"బీయింగ్ ఉంటే తప్పు", "ప్యాసివ్ వాయిస్ అయితే తప్పు", "బికాజ్‌తో వాక్యం మొదలుపెట్టకూడదు". ఇవి మూడూ నోటి మాటలే, నియమాలు కావు. "పొట్టిదే ఒప్పు" అన్నది ఏసీటీలో చాలాసార్లు పనిచేస్తుంది. ఒకే అర్థం రెండుసార్లు చెప్పే మాటలు, ఉదాహరణకి "యాన్యువల్" ఉన్న వాక్యంలోనే "ఎవ్రీ ఇయర్", అక్కడ కొట్టేయమనే ఉంటాయి. కానీ ముందు వ్యాకరణం నెగ్గాలి. వ్యాకరణంలో సమంగా నిలిచిన రెండిటి మధ్యే పొడుగు చూడాలి.

సాధన ఎలా

తప్పయిన ప్రతి ప్రశ్నకీ నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయండి. ఏ మెట్టు దగ్గర పడిపోయారు, తప్పు ఆప్షన్ మిమ్మల్ని ఎందుకు ఆకర్షించింది. రెండోదే ముఖ్యం. "బహువచనం పక్కన ఉండటం వల్ల", "పేరు కనిపించడం వల్ల" అని నాలుగైదు కారణాలే తిరిగి తిరిగి వస్తున్నట్టు మీకే కనిపిస్తుంది. సరైన జవాబు వచ్చినా కారణం చెప్పలేకపోతే దాన్ని కూడా తప్పుల్లోనే రాసుకోండి.

మొదట్లో గడియారం పక్కన పెట్టేయండి. మెట్లు చేతికి పట్టుబడ్డాక సమయం పెట్టుకోండి. శాట్‌లో ప్రశ్నకి సగటున 71 సెకన్లు వస్తాయి. కన్వెన్షన్స్ ప్రశ్న సగం సమయంలో అయిపోవాలి, మిగిలింది చదివి అర్థం చేసుకునే ప్రశ్నలకి కావాలి. ఒక్కో మాడ్యూల్‌లో, అంటే విడిగా సమయం ఇచ్చే ఒక్కో భాగంలో, ఈ ప్రశ్నలు రీడింగ్ ప్రశ్నల తర్వాత గుంపుగా వస్తాయి. పెద్ద పేరాలు చదివి అలసిపోయేవాళ్లు ముందు వీటి దగ్గరికి దూకి, అవి ముగించుకుని వెనక్కి రావచ్చు. శాట్ రాసే యాప్‌లో మాడ్యూల్ లోపల ముందుకీ వెనక్కీ తిరిగే వీలుంది. మాడ్యూల్ సమయం అయిపోయాక మాత్రం వెనక్కి వెళ్లనివ్వదు.